ముత్తాత భుజం మీద 19

పాఠకుల ప్రశ్నలు: పాత మిలటరీ ఫోటోలు, బ్యాడ్జీలు

పోయిన నెల ఈ శీర్షికలో పాత సిపాయి ఫోటోల గురించి నాలుగు ముక్కలు రాశాను. అంతే, ఉత్తరాలు, వాట్సాప్‌లో మసక మసక ఫోటోలు వచ్చి పడ్డాయి. సగం మంది అడిగింది ఒక్కటే, "ఎంతొస్తుంది?" అని. వస్తువుని చేతిలో పెట్టి చూడకుండా నేను ధర చెప్పను, చెప్పేవాడిని మీరు నమ్మకండి. మిగతా సగంలోంచి కొన్నిటికి ఇక్కడ జవాబులు.

మా ముత్తాతగారి ఫోటో పటం కట్టి ఉంది. తలపాగా, నడుముకి బెల్టు, చేతిలో చిన్న బెత్తం. భుజం మీద ఇత్తడి అంకె 19లా ఉంది, పక్కన అక్షరాలు కనబడట్లేదు. ఇంట్లో అందరూ "నిజాం మిలటరీలో చేశాడు" అంటారు. ఫోటో అద్దానికి అతుక్కుపోయింది, తీయించి బాగు చేయించనా? - ఒక పాఠకురాలు, మల్కాజ్‌గిరి

తీయించొద్దమ్మా. ముందు ఆ పని ఆపండి. అప్పటి ఫోటో కాగితం మీద జిలాటిన్ పొర ఉంటుంది, వానాకాలం తేమకి అది మెత్తబడి అద్దాన్ని పట్టేస్తుంది, లాగితే ముఖం అద్దం మీద, కాగితం మీ చేతిలో మిగులుతాయి. అద్దం పగలనంత వరకు అలాగే ఉంచి, పగటిపూట కిటికీ పక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా, మీ నీడ పడకుండా కాస్త పక్కనుంచి ఫోన్‌తో నాలుగైదు ఫోటోలు తీసుకోండి. పటం వెనక అట్ట మాత్రం మేకులు మెల్లగా వదులు చేసి చూడొచ్చు. పటం కట్టేవాళ్లు సందు పూడ్చడానికి పాత పేపరో క్యాలెండరో మడిచి పెట్టేవాళ్లు. దాని మీద తేదీ ఉందంటే పటం అంతకన్నా ముందు కట్టింది కాదని తేలిపోయినట్టే.

ఇక "నిజాం మిలటరీ". మన ఊళ్లో ఈ ఒక్క మాట కింద రెండు వేరు వేరు సైన్యాలు కలిసిపోయాయి. ఒకటి నిజాం సర్కారు సొంత సైన్యం. ఫస్ట్ లాన్సర్ అని బస్తీకి పేరొచ్చింది దాని గుర్రపు దళం వల్లే, ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. రోజూ ఆ స్టాపుల్లో బస్సు దిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి! రెండోది హైదరాబాద్ కాంటింజెంట్. దీని ఖర్చు నిజాంది, ఆఫీసర్లు, పెత్తనం ఇంగ్లిష్ వాళ్లవి. ఆ ఖర్చు తాలూకు బాకీ చూపించే 1853లో నిజాం చేతిలోని బేరార్ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీ తన చేతిలోకి తీసుకుంది. 1903లో కాంటింజెంట్‌ను ఇండియన్ ఆర్మీలో కలిపేశారు, అందులోని కాల్బలం పటాలాలకు 94 నుంచి 99 దాకా నంబర్లు వచ్చాయి, 1922లో మళ్లీ అన్నీ తిరగేసి 19వ హైదరాబాద్ రెజిమెంట్ అన్నారు, 1945 అక్టోబర్‌లో ఆ పేరూ తీసేసి కుమావూన్ రెజిమెంట్ చేశారు. మొట్టమొదటి పరమవీర చక్ర అందుకున్న మేజర్ సోమనాథ్ శర్మ 1942లో ఆఫీసర్‌గా చేరింది ఈ హైదరాబాద్ రెజిమెంట్‌లోనే. కాబట్టి పేరులో హైదరాబాద్ ఉన్నంత మాత్రాన అది నిజాం సైన్యం కాదు.

అయితే 19 అనగానే అదే అనుకుని సంబరపడకండి, 19వ లాన్సర్స్ అని గుర్రపు పటాలం కూడా ఒకటి ఉండేది. ఎలా తేల్చాలి? మీరు పంపిన ఫోటోలో భుజం కన్నా కాళ్లే ఎక్కువ మాట్లాడుతున్నాయి. మోకాలి కింద బూటు దాకా ఖాకీ పట్టీ చుట్టి ఉంది చూశారా? కాల్బలం వాళ్లు దాన్ని చీలమండ దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టి మోకాలి కింద ముడి వేస్తారు. గుర్రం వాళ్లు తిరగేసి, మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందకి చుట్టి చీలమండ దగ్గర ముడి వేస్తారు. మీ ముత్తాతగారి ఎడమ కాలికి ముడి కొస మోకాలి కింద వేలాడుతోంది. పైగా ఛాతీ మీద ఏటవాలుగా తూటాల పట్టా లేదు, బూట్లకి ముల్లు లేదు. నా లెక్కలో ఆయన గుర్రం ఎక్కలేదు. కాల్బలం, 19వ హైదరాబాద్, 1922 నుంచి 1945 మధ్య. నూటికి నూరు అనను, భుజం అక్షరాలు కనబడితే తప్ప.

చేతి మీద గీతలు ఉన్నాయేమో కూడా చూడండి, ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. పేరు, ఊరు, తండ్రి పేరు, గుర్తుంటే చేరిన ఏడాది కాగితం మీద పెట్టి రాణీఖేత్‌లోని కుమావూన్ రెజిమెంటల్ సెంటర్‌కు రాయండి. నిజాం సర్కారు సైన్యం అని తేలినవాళ్లు మాత్రం తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ మెట్లెక్కాలి, అక్కడి పాత కాగితాల్లో ఎక్కువ భాగం ఉర్దూ, ఫార్సీ, చదివిపెట్టే మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఆదివారం ఎర్రగడ్డ సంతలో "నిజాం లాన్సర్ల బ్యాడ్జీ" అని 1500 పెట్టి కొన్నాను. ఒరిజినలేనా అని టెన్షన్. - ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి

తమ్ముడూ, నీ వయసులో నేనూ కొన్నాను. జుమ్మెరాత్ బజార్‌లో, దుప్పటి మీద తాళాలు, నల్లాలు, విరిగిన టేప్‌రికార్డర్ల మధ్య ఒక లాన్సర్ బ్యాడ్జీ. రెండు బల్లేలు అడ్డంగా, పైన కిరీటం, ఎడమ బల్లెం మీద సన్నటి గీటు. ఆ గీటు చూసే పడిపోయాను, పాపం ఎవరి తలపాగా మీద నుంచి ఏ రాయి మీద పడిందో అని. "అస్లీ మాల్ సాబ్" అన్నాడు, బేరం కూడా ఆడలేదు. రెండు నెలల తర్వాత అదే దుప్పటి మీద అలాంటివే ఐదు. ఐదింటికీ ఎడమ బల్లెం మీద, అదే చోట, అదే గీటు! అసలుదొకటి దగ్గర పెట్టుకుని దాని మీద అచ్చు తీసి పోత పోశారు, అచ్చుతో పాటు గీటూ దిగింది. ఆ బ్యాడ్జీ ఇప్పటికీ నా టేబుల్ మీదే ఉంది, కాగితాలు ఎగరకుండా బరువుకి.

నీది చూసేటప్పుడు ఇదే వరస. అసలు బ్యాడ్జీని పల్చటి ఇత్తడి రేకు మీద ఉక్కు అచ్చుతో గట్టిగా కొట్టి చేసేవాళ్లు, అందుకే ముందు ఎత్తుగా ఉన్నచోట వెనక గుంట ఉంటుంది, అంచులు కత్తిరించినట్టు ఉంటాయి, గుర్రం జూలు వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తాయి. పోత పోసిందైతే వెనక చాలాసార్లు చదునుగా, ఇసుక పరిచినట్టు గరుకుగా, సూదిమొనంత బుడగ గుంటలతో ఉంటుంది. అంచు మీద ఆకురాయి గీతలుంటాయి. భూతద్దం వంద రూపాయలకి కోఠీలో దొరుకుతుంది, 1500 పెట్టే ముందు ఆ వంద పెట్టు. వెనక కొక్కేల దగ్గర టంకం కొత్త వెండిలా మెరుస్తూ, బ్యాడ్జీ మాత్రం నల్లగా ముసలిదై ఉంటే ఎవరో నిన్నమొన్న దానికి వయసు పోశారన్నమాట. అసలు చిలుము మూలల్లో, సందుల్లో కూర్చుంటుంది, చెయ్యి తగిలే ఎత్తుల మీద ఉండదు. వాళ్లు పులుముతారు కాబట్టి అంతా ఒకే రంగు.

ఇంగ్లిష్ పటాలాలవైతే బ్యాడ్జీ మీది రాజుగారి పేరు పొడి అక్షరాలు కూడా పనికొస్తాయి. వి.ఆర్.ఐ. అంటే విక్టోరియా కాలం, 1901 దాకా. ఇ.ఆర్.ఐ. అంటే ఏడో ఎడ్వర్డ్, 1901 నుంచి 1910. జి.ఆర్.ఐ. ఆ తర్వాతి జార్జి రాజులది. ఈ జార్జిల కిరీటం పైన గుండ్రంగా ఉబ్బి ఉంటుంది, మధ్యలో సొట్ట పడినట్టుంటే అది తర్వాతి ఎలిజబెత్ కాలం కిరీటం. జి.ఆర్.ఐ. మీద సొట్ట కిరీటం చూపిస్తే నవ్వి పక్క దుకాణానికి వెళ్లిపో. మన సైన్యంలో 1950 నుంచి కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చాయి.

నువ్వు పంపిన ఫోటో ముందు వైపుదే. వెనక వైపు తీసి పంపు. అమ్మేవాడు ముందు చూపిస్తాడు, కొనేవాడు వెనక చూడాలి.

మా అత్తగారి పూజ గదిలో లక్ష్మీ కాసులతో పాటు ఒక వెండి బిళ్ల ఉంది. ఒకవైపు రాజు తల, ఇంకోవైపు గుర్రం మీద ఒంటి మీద బట్టల్లేని మనిషి! ఆ వైపు కిందకి పెట్టి పసుపు కుంకుమ పెడతారు. 1914, 1918 అని అంకెలున్నాయి. వెండి సేఠ్ తూకానికి అడుగుతున్నాడు. - ఒక పాఠకురాలు, తిరుమలగిరి

మీ అత్తగారికి నా నమస్కారాలు, బట్టల్లేకపోయినా వందేళ్ల నుంచి గుట్టుగా కాపాడుకొచ్చారు. అది బ్రిటిష్ వార్ మెడల్, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాళ్లకి ఇచ్చింది. రాజు ఐదో జార్జి, గుర్రం మీద మనిషి వాళ్ల సెయింట్ జార్జి.

సేఠ్‌కి చెప్పకండి గానీ అసలు సంగతి బిళ్ల రెండు ముఖాల మీదా లేదు, అంచు మీద ఉంది. రూపాయి అంచున గరుకు గీతలుంటాయే, అక్కడ. ఎండలో పెట్టి మెల్లగా తిప్పుతూ చూడండి, నంబరు, హోదా, పేరు, పటాలం ఇంగ్లిష్ అక్షరాల్లో చెక్కి ఉంటాయి. కుంకుమ పట్టి పూడిపోయి ఉంటే నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడవండి, పుల్లతో గోకొద్దు. పేరు దొరికిందా, అది వెండి కాదు ఇక, మనిషి. ఆ పేరు మీ ఇంటివాళ్లది కాకపోవచ్చు కూడా, తాకట్టులోనో కొనుగోలులోనో వచ్చి ఉండొచ్చు, అది కూడా ఒక కథే. అంచు మీద పేరు అరగదీసినట్టు, పల్చగా సొట్ట పడినట్టు ఉంటే ఎవరో పాత పేరు చెరిపారని అర్థం.

దీనితో పాటు సాధారణంగా ఇంకో కంచు మెడల్ వస్తుంది, రెక్కల దేవత బొమ్మ, ఇంద్రధనుస్సు రంగుల రిబ్బన్. విక్టరీ మెడల్ అంటారు. పాత ట్రంకు పెట్టెల్లో వెతకండి, వెండి కాదని ఎవరూ కరిగించి ఉండరు, అదే దాని అదృష్టం. వెండివి మాత్రం కడియాలయ్యాయి, పట్టీలయ్యాయి. మా ఇంట్లోనే ఒకటి నా చిన్నప్పుడు మా అక్క కాలి పట్టీలైంది, ఆ పట్టీలు కూడా తర్వాత ఇంకేదో అయ్యాయి. మా పెద్దనాన్న అంచు మీది నంబరు నోటికి చెప్పేవాడు, మేమెవరం రాసుకోలేదు.

అదే మెడల్ కంచులోనూ ఉంది, కూలి దళాల్లో పనిచేసినవాళ్లకి వెండి బదులు కంచు ఇచ్చారు. వెండి కాదు కదా అని పారేసేవాళ్లున్నారు, అవి తక్కువగా దొరుకుతాయి, జాగ్రత్త.

మన లాన్సర్లు కూడా ఆ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా దాకా వెళ్లొచ్చారు. ఢిల్లీ తీన్‌మూర్తి చౌక్‌లో నిలబడిన ముగ్గురు సిపాయి విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్‌ది, మిగతా రెండూ జోధ్‌పూర్, మైసూర్‌లవి. ఢిల్లీ వెళితే ఒకసారి మనవాడిని పలకరించి రండి.

మా దగ్గరున్న ఆఫీసర్ ఫోటో అట్ట మీద రాజా దీన్‌దయాళ్ ముద్ర ఉంది. లక్షలు పలుకుతుందా? - ఒక పాఠకుడు, సైనిక్‌పురి

ముద్ర ఉండటం సంతోషమే, లక్షల సంగతి పక్కన పెట్టండి. దీన్‌దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టాడు, కంటోన్మెంట్ దొరలు వరసగా అక్కడికే వచ్చి కూర్చునేవాళ్లు. ఆయన 1905లో పోయాడు. స్టూడియో పోలేదు, కొడుకులు నడిపారు. అంటే ముద్ర ఉన్న ప్రతి ఫోటో ఆయన చేత్తో తీసింది కాదు. ముద్రలో లాలా అని ఉందా, రాజా అని ఉందా, పక్కన "అండ్ సన్స్" ఉందా చూడండి, రాజా అనేది నిజాం ఇచ్చిన బిరుదు కాబట్టి లాలా అట్టలు ముందువి.

అట్ట కొలత సుమారు నాలుగుంపావు అంగుళాలు, ఆరున్నర అంగుళాలు ఉంటే క్యాబినెట్ కార్డు అంటారు. ఫోటో కాగితం పల్చగా ఉండి అట్టకి అంటించి, తెల్లగా ఉండాల్సిన చోట పసుపు తిరిగి, అంచులు వెలిసి ఉంటే గుడ్డు తెల్లసొన పూసిన కాగితం, పందొమ్మిదో శతాబ్దపుది. నీడల్లో వెండి అద్దంలా మెరుపు కనిపిస్తే జిలాటిన్ కాగితం, తర్వాతి కాలానిది. ఆ మెరుపు చూసి పాడైందని తుడిచేవాళ్లున్నారు, తుడవొద్దు. చుక్కలు చుక్కలుగా, పేపర్లో బొమ్మలా కనిపిస్తే ప్రెస్సులో అచ్చేసింది, ఫోటోనే కాదు.

ఖాకీ చొక్కా, పాత బ్యాడ్జీలు పెట్టుకుని రీల్ చేయొచ్చా? - ఒక కుర్రాడు, దిల్‌సుఖ్‌నగర్

స్కూల్ నాటకంలో వేషానికి ఎవరూ ఏమీ అనరు. నిజం సిపాయినని జనం అనుకోవాలని వేసుకుంటే మాత్రం భారతీయ న్యాయ సంహిత 168 సెక్షన్, మూడు నెలల దాకా జైలు. లైకుల కోసం అంత అవసరమా?

మా అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మా మామగారి నాన్నగారి బెల్టు బకిల్, బొత్తాలు వాడికి పంపిద్దామనుకుంటున్నాను. - ఒక పాఠకుడు, అల్వాల్

వందేళ్లు దాటిన వస్తువైతే ఆగండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం పురావస్తువును ప్రైవేటు మనుషులు దేశం దాటించకూడదు, బొత్తం చిన్నదైనా చట్టం పెద్దదే. వందేళ్లు కాలేదని మీరంటే సరిపోదు, ఎయిర్‌పోర్టులో అడిగితే చూపించడానికి పురావస్తువు కాదని పురావస్తు శాఖ ఇచ్చే సర్టిఫికెట్ ఉండాలి. బొత్తం వెనక తిప్పి చూడండి, తయారుచేసిన కంపెనీ పేరు, లండన్ అనో బర్మింగ్‌హామ్ అనో గుండ్రంగా రాసి ఉంటుంది, వయసు తేల్చడానికి అదే ఆధారం. నన్నడిగితే వాడికి మంచి ఫోటో తీసి పంపండి, బొత్తం వాడొచ్చినప్పుడు చేతిలో పెట్టండి.

ఒక దుకాణంలో ఖాకీ వేసుకున్న మనిషి ఫోటో చూపించి రజాకార్ ఫోటో అని 8000 చెప్పారు. కొననా? - ఒక పాఠకుడు, వారాసిగూడ

దేన్ని చూసి రజాకార్ అన్నాడో ముందు అడగండి. నేను చూసినంతలో మన ఊళ్లో ఖాకీ, గడ్డం, తుపాకీ మూడూ ఒక్క ఫోటోలో పడితే చాలు, వ్యాపారి నోట ఆ మాట వచ్చేస్తుంది, ఆ మాటకే ధర. నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ కింద ఉన్న హైదరాబాద్ రాష్ట్ర సైన్యం వేరు, కాసిం రజ్వీ కింద ఉన్న రజాకార్లు వేరు. 1948 సెప్టెంబర్ 18న భారత సైన్యానికి లొంగిపోయింది ఎద్రూస్, ఆయన సైన్యం. దాంట్లో జీతానికి చేసిన మామూలు సిపాయిలు, వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పటికీ ఈ ఊళ్లోనే ఉన్నారు. ఆ ఫోటోలో ఉన్నది పోలీసో, అటవీ శాఖ జవానో, షికారుకెళ్లిన జాగీర్దారో కూడా కావచ్చు. ఎవరి ముఖానికి ఏ పేరు తగిలిస్తున్నామో చూసుకోవాలి కదా. వెనక రాత గానీ, కనబడే బ్యాడ్జీ గానీ లేకపోతే 8000 కాదు, 80 కూడా ఎక్కువే. ఫోటో నచ్చితే ఫోటో ధరకి కొనండి, కథ ధరకి కొనకండి.

రిటైరయ్యాను. నలభై ఏళ్లుగా పోగేసిన సుమారు రెండు వందల మిలటరీ ఫోటోలు, ఒక డబ్బా బ్యాడ్జీలు. పిల్లలకి ఆసక్తి లేదు. ఎలా దాచను? - ఒక పాఠకుడు, పద్మారావునగర్

అయ్యా, ముందు ఆ జిగురు ఆల్బమ్‌లలోంచి బయటికి తీయండి. ప్లాస్టిక్ పొర ఎత్తి అంటించే ఆల్బమ్‌లు పదేళ్లలో ఫోటోని పసుపు చేస్తాయి, తర్వాత వదలవు. రానిది బలవంతాన పీకొద్దు, ఆ పేజీ అలాగే కత్తిరించి ఉంచండి. ఒక్కొక్క ఫోటోకి ఆమ్లం లేని కాగితం కవరు, వాటిని అట్టపెట్టెలో నిలబెట్టి, పెట్టె గోడ బీరువాలో కాకుండా ఇంటి మధ్య గదిలో. మన ఊళ్లో జులై నుంచి బయట గోడలు చెమ్మగిల్లుతాయి, పుస్తకాల్లో పరుగెత్తే వెండి రంగు పురుగులు అప్పుడే దిగుతాయి. సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి మార్చండి. కలరా ఉండలు వద్దు. లామినేషన్ అయితే అసలు వద్దు, నా మాట వినకుండా చేయించిన మిత్రుడొకడు ఇప్పుడు నాతో మాట్లాడట్లేదు, తప్పు నాదైనట్టు.

బ్యాడ్జీలని చింతపండుతో తోమకండి. పండక్కి బిందెలు తోమినట్టు మెరుస్తాయి, నిజమే, కానీ ఒక్కో తోముడుకీ రాజుగారి ముక్కు కొంచెం అరుగుతుంది, అరిగిన ముక్కు ఎవరికీ అక్కర్లేదు. పొడి గుడ్డ చాలు. ఎక్కడ కొన్నారో, ఏ ఫోటోతో పాటు వచ్చిందో చీటీ రాసి దారంతో కట్టండి. ఫోటో, బ్యాడ్జీ ఒకే ఇంటి నుంచి వచ్చి ఉంటే చచ్చినా విడదీయకండి, వ్యాపారులు చేసేది అదే, బ్యాడ్జీ ఒకడికి, ఫోటో ఇంకొకడికి, మెడల్ మూడోవాడికి. విడిపోయాక ఆ మనిషి ఎవరో ఇక ఎవరికీ తెలియదు.

పేరు తెలిసిన ప్రతి ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచు దగ్గర, నొక్కకుండా రాయండి. పెన్ను ఇంకు ముందుకి దిగుతుంది. తెలియనిది తెలియదనే రాయండి. పిల్లల ఆసక్తి గురించి దిగులు వద్దు, వెనక రాత ఉంటే మనవలు చదువుతారు.

నా దగ్గర పోస్టుకార్డు సైజు ఫోటో ఒకటుంది, సికింద్రాబాద్‌లో పాత పుస్తకాలతో పాటు తూకానికి వచ్చింది. కుర్ర సిపాయి, స్టూడియో కుర్చీ మీద చెయ్యి వేసి, ఊపిరి బిగపట్టి నిలబడ్డాడు. పేరు లేదు, పటాలం లేదు, భుజం మీద అక్షరాలు మసక. వెనక మాత్రం పెన్సిల్‌తో వంకర తెలుగులో ఒక్క ముక్క: "బూట్లు మనవి కావు."